ఈ ఫలకముపై ఏమియు వ్రాయరాదు

నక్కలవాగుపాలెం ప్రాథమిక పాఠశాలకు వైట్‌బోర్డు వచ్చిన రోజున ఊళ్ళో సగంమంది పనులు మానుకుని వచ్చి చూశారు. చూడదగ్గ వస్తువే మరి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, చెయ్యి పెడితే జారిపోయేంత నునుపు, కింద చక్రాలున్న ఇనప స్టాండు. ట్రాక్టర్లోంచి దించిన మనుషులు దానికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పుతుంటే, మధ్యాహ్న భోజనం వండే గాలెమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని మరీ ముట్టుకుంది.

"ఇంత తెల్లటిదాన్ని పిల్లకాయల మజ్జన ఎట్టా పెడతారు టీచరమ్మా, మూడు రోజుల్లో మసిగుడ్డ అవదూ?" అంది.

సుగుణమణి టీచరు నవ్వింది. పదమూడేళ్ళుగా గోడకున్న సిమెంటు నల్లబోర్డు మీద రాస్తూ, ముక్కు నిండా సుద్దపొడి పీల్చుకున్న మనిషి ఆమె. ఆ తెల్లబోర్డును చూడగానే ప్రాణం లేచొచ్చింది. మూడో తరగతికి వచ్చినా ఇంకా గుణింతాల దగ్గరే తడబడుతున్న మస్తాన్‌బీకి అచ్చులు ఎర్ర రంగుతో, ఒత్తులు నల్ల రంగుతో రాసి చూపించాలని అప్పటికప్పుడే అనుకుంది. పాపం, అప్పటికింకా సర్క్యులరు రాలేదు.

సర్క్యులరు మర్నాడు వచ్చింది. నాలుగు పేజీలు. హెడ్మాస్టరు నాగభూషణాచారి గారు ఏ సర్క్యులరునైనా ముందు నిలబడి ఒకసారి, తర్వాత కూర్చుని ఒకసారి చదువుతారు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క మెమో అందుకోలేదు. ఆ రికార్డును అలాగే చెక్కుచెదరకుండా ఇంటికి తీసుకుపోవాలన్నది తప్ప ఆయనకు జీవితంలో వేరే కోరిక మిగల్లేదు.

"అమ్మా సుగుణమణీ, ఈ మూడో పేరా నువ్వొకసారి చూడు. నాకేమన్నా తప్పుగా అర్థమైందేమో" అన్నారు.

తప్పుగా ఏమీ అర్థం కాలేదు. మూడో పేరా శుభ్రంగా ఇలా ఉంది: "ఫలకముపై వ్రాయుట యనునది సదరు ఫలకము యొక్క అత్యంత ప్రాథమికమైన, కాలం చెల్లిన వినియోగము. ఇట్టి వినియోగము నల్లబల్లల కాలమునందే పరిపూర్తి అయినందున, శ్వేతఫలకమును ఉపాధ్యాయులు కేవలము సృజనాత్మక రీతులయందు మాత్రమే వినియోగించవలెను. ప్రతి పనిదినమునకు ఒక నూతన రీతి. రాష్ట్రమునందు ఏ పాఠశాలయైనను ఒకసారి వినియోగించి ప్రశంస పొందిన రీతిని వేరెవ్వరును పునరావృతము చేయరాదు."

నాలుగో పేరా ప్రకారం పాత నల్లబోర్డులు పిల్లల మనసుల మీద "నిరాశాజనక వర్ణప్రభావం" చూపుతున్నాయి కాబట్టి వాటికి వెంటనే సున్నం కొట్టించాలి. సుద్దముక్కల సరఫరా ఆగిపోతుంది. మార్కర్లు ఎందుకు పంపలేదో కూడా దాపరికం లేకుండా రాశారు: మార్కరు చేతిలో ఉన్న ఉపాధ్యాయునికి వ్రాయవలెనను ప్రలోభము కలుగును. బోర్డుతో పాటు ఒక స్టిక్కరు వచ్చింది. దాన్ని బోర్డు ఎదుటివైపు, కింది అంచున, పిల్లల కంటికి ఆనే ఎత్తులో అంటించాలి. దాని మీద "ఈ ఫలకముపై ఏమియు వ్రాయరాదు" అని పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉంది.

ఇదంతా చదివి సుగుణమణి నవ్వుకునేదే గానీ, అయిదో పేరా చూశాక నవ్వు రాలేదు. సంవత్సరం చివర ప్రతి బడికీ నూటికి మార్కులు వేస్తారు. బోర్డును సృజనాత్మకంగా వాడినందుకు అరవై, పిల్లలు చదవగలిగినందుకు నలభై. మొత్తం డెబ్బై అయిదు రాని బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు.

పక్క ఊరంటే ముచ్చింతలపాడు. మధ్యలో నక్కలవాగు. వాగు మీద వంతెనకు శంకుస్థాపన రాయి ఉంది, వంతెన లేదు. అయిదో తరగతి దాటిన మగపిల్లలు ఎలాగో చొక్కాలు నెత్తిన పెట్టుకుని వాగు దాటి పెద్దబడికి పోతున్నారు. ఆడపిల్లల్ని మాత్రం ఎవరూ పంపడం లేదు. మస్తాన్‌బీ తండ్రి మౌలాలి మేకలు కాస్తాడు. ఈ సంగతి తెలిసిన రోజే బడి గేటు దగ్గరకొచ్చి చెప్పేశాడు. "ఈడ ఉంటే సదూకుంటది టీచరమ్మా. వాగు దాటిచ్చి మాత్రం పంపను. నా మేకలెనకాల తిరుగుద్ది, అంతే."

అంటే బడి నిలవాలంటే బోర్డు మీద రాయకూడదు, పిల్లలకు చదవడం రావాలి. రాయకుండా చదువు ఎలా చెప్పాలో సర్క్యులరులో ఎక్కడా లేదు. దానికి శిక్షణ ఇస్తామని మాత్రం ఆరో పేరాలో ఉంది.

శిక్షణ మండల కేంద్రంలోని ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ముందురోజు పెళ్ళి తాలూకు బంతిపూల దండలు అలాగే ఉన్నాయి. శ్వేతఫలక సృజన మిషన్ రాష్ట్ర సమన్వయకర్త ప్రభంజన్ గారు స్వయంగా వచ్చారు. వయసు ముప్ఫై అయిదుంటుంది. మాట్లాడేటప్పుడు రెండు చేతులతో గాల్లో ఒక గుమ్మడికాయను పట్టుకున్నట్టు పట్టుకుంటారు.

"ఒక వస్తువు దేనికోసం పుట్టిందో దానికే దాన్ని వాడటం సృజన కాదు. గ్లాసుతో నీళ్ళు తాగడం సృజనా? కాదు. అది అలవాటు. అలవాటు నుంచి ఆవిష్కరణ వైపు మన ప్రయాణం" అన్నారు. అని, గొంతెండిపోయిందేమో, గ్లాసెడు నీళ్ళు తాగారు.

రెండు వందల మంది టీచర్లు "అలవాటు నుంచి ఆవిష్కరణ వైపు" అని నోటుబుక్కుల్లో రాసుకున్నారు. సుగుణమణి లేచి నిలబడింది.

"సార్, మా పిల్లలకి 'క'కి కొమ్మిస్తే ఎట్లా ఉంటుందో ఎక్కడ చూపించాలండీ?"

ప్రభంజన్ గారు జాలిగా నవ్వారు. "మేడం, మీ ప్రశ్నలోనే సమస్య ఉంది. 'చూపించాలి' అంటున్నారు. చూపించడం అంటే టీచర్ కేంద్రంగా ఆలోచించడం. పిల్లలు కొమ్మును అనుభూతి చెందాలి. మనం పిల్లల్లో ఏదీ నింపడం లేదు మేడం, తెరుస్తున్నాం."

"తెరిచినాక లోపల ఏమన్నా ఉండాలి గదండీ" అంది సుగుణమణి. పక్కన కూర్చున్న ఆచారి గారు ఆమె చీర చెంగు పట్టుకుని కిందికి లాగారు. హాలంతా "కొమ్మును అనుభూతి చెందాలి" అని రాసుకుంది.

మరుసటి సోమవారం నుంచి పని మొదలైంది. పొద్దున పదిన్నర లోపల బోర్డు, పిల్లలు, టీచరు ఒకే ఫొటోలో కనపడేలా తీసి "శ్వేత" అనే యాప్‌లో పెట్టాలి. యాప్ అప్పటికప్పుడే చూసి మార్కులు వేసి, ఒక ముక్క వ్యాఖ్య రాస్తుంది. మొదటి రోజు బోర్డును నేలమీద పడుకోబెట్టి, పిల్లల్ని దాని చుట్టూ కూర్చోబెట్టి, అది చెరువనుకోమన్నారు. యాభై ఎనిమిది మార్కులొచ్చాయి. రెండో రోజు దాని మీద కంచాలు పెట్టి భోజనం బల్ల చేశారు. అరవై నాలుగు. మూడో రోజు సుగుణమణికి మనసొప్పక, బోర్డు మీద తడివేలితో "అ" అని రాసి, అది ఆరిపోయాకే ఫొటో తీయించింది. యాప్ ఊరుకోలేదు. "అక్షర ఆనవాలు గుర్తించబడినది. సంప్రదాయ వినియోగము. సున్న" అని ఎర్ర గుర్తు పెట్టింది. ఆ సున్నను చూసి ఆచారి గారికి ఆ రోజంతా అన్నం సహించలేదు.

పద్నాలుగో రోజున ఇక ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. టైము పదీ ఇరవై అయిదు. చూస్తే బోర్డు ఆవరణలో ఎండలో పడుకుని ఉంది. దాని మీద వరసగా మినపవడియాలు.

"ఇదేంది గాలెమ్మా?" అని సుగుణమణి కేకలేసింది.

"రాసేది లేదంటిరి గదమ్మా. ఊరికే పడుంది గదా అని ఎండేశా. దీని మీదైతే అంటుకోవు, భలే ఊడొస్తయ్యి."

ఆచారి గారు వాదన వినే స్థితిలో లేరు. పిల్లల్ని వడియాల చుట్టూ నిలబెట్టి ఫొటో తీసి పంపేశారు. తొంభై రెండు మార్కులు. "సౌరశక్తి, పోషకాహారం, స్థానిక జ్ఞానం: త్రివేణీ సంగమం" అని యాప్ మెచ్చుకుంది. మర్నాటికి ఆ ఫొటో జిల్లా అంతా తిరిగింది.

అంతే, ఊరికి దారి దొరికింది. మౌలాలి మేకను ట్రాక్టరు ఎక్కించడానికి బోర్డును ఏటవాలుగా ఆనించాడు. ఎనభై ఎనిమిది, "పశుసంవర్ధక శాఖతో సమన్వయం". ఒకరింట్లో పెళ్ళిచూపులకు పిల్ల వెనకాల తెల్లటి తెర కావాలంటే బోర్డును దొర్లించుకుపోయారు, దాంతో పాటు ఫొటో కోసం పిల్లల్నీ టీచర్నీ. ఎనభై అయిదు, "సామాజిక భాగస్వామ్యం". పెళ్ళికొడుకు తరఫువాళ్ళు పిల్లనొదిలేసి ఆ బోర్డు ఎక్కడ దొరుకుతుందని అడిగారట. ముచ్చింతలపాడు బడివాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, బోర్డు మీద మనిషిని పడుకోబెట్టి నలుగురు మోసుకుపోతూ ఫొటో తీసుకున్నారు. వాళ్ళకి ఎనభై తొమ్మిది. మనిషి బతికే ఉన్నాడు, వాళ్ళ తెలుగు మాస్టారే.

డిసెంబరు వచ్చేసరికి నక్కలవాగుపాలెం బడి సృజనలో మండలంలో రెండో స్థానంలో ఉంది. ఆచారి గారికి కాస్త ఆకలి వేయడం మొదలైంది. సుగుణమణికి మాత్రం ఫిబ్రవరిలో చదువు పరీక్ష ఉందన్న సంగతి ముద్ద ముద్దకీ గుర్తొచ్చేది. ఫొటో సింగారాలతో పొద్దుట గంటన్నర పోయేది. మిగిలిన టైములో ఒక్కొక్కరి నోటుబుక్కులో రాసిస్తూ కూర్చుంటే, ముప్ఫై ఒక్కమంది దగ్గరికీ తిరిగేసరికి మధ్యాహ్నం గంట కొట్టేవారు. ఒకసారి సున్నం కొట్టిన గోడ మీద బొగ్గుతో రెండు మాటలు రాసింది. అదే రోజు ఎంఈవో గారు అటుగా వచ్చారు. గోడలు కూడా శ్వేత వాతావరణంలో భాగమేనని, ఈసారికి నోటిమాటతో వదిలేస్తున్నానని చెప్పి వెళ్ళారు. ఆచారి గారు తడిగుడ్డ తీసుకుని తనే తుడిచారు.

ఒకరోజు మస్తాన్‌బీని పిలిచి పాత వాచకం తెరిచి చదవమంది. ఆ పిల్ల బొమ్మ వంక చూసి టకటకా చెప్పింది. "మేక. మేక గడ్డి మేయుచున్నది."

"బొమ్మ కాదమ్మా, కిందున్న అక్షరాలు చూడు. అది గొర్రె."

"కాదు టీచర్, మేకే. తోక పైకుంది చూడు. గొర్రెకి తోక కిందికుంటది."

మేకల సంగతి మస్తాన్‌బీకి తెలిసినట్టు ఆ బొమ్మ వేసినవాడికి కూడా తెలియదు. దానికి ఎవరూ మార్కులు వెయ్యరు. సుగుణమణికి ఏడుపొచ్చింది. తెలివి లేని పిల్లయితే సరిపెట్టుకునేది. ఇంత తెలివైన పిల్ల, ఎదురుగా ఇంత పెద్ద బోర్డు పెట్టుకుని, నాలుగు అక్షరాలు రాక మేకల వెనకాల పోవాలా?

దారి చూపించింది కూడా ఆ పిల్లే. జనవరిలో ఒకరోజు బోర్డుతో దాగుడుమూతలాట ఆడిస్తూ ఫొటో తీస్తున్నారు. ఆట అయిపోయినా మస్తాన్‌బీ బోర్డు వెనక నుంచి రాలేదు. సుగుణమణి వెళ్ళి చూస్తే, గాలెమ్మ పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గు ముక్కతో వెనకవైపు చెక్క మీద మేక బొమ్మ గీస్తోంది. టీచర్ను చూసి బొగ్గు వెనక దాచుకుని బిక్కమొహం వేసింది.

సుగుణమణి ఆ చెక్క వంక చాలాసేపు చూసింది. తర్వాత ఆచారి గారిని పిలిచింది. ఆయన చూసి, గబగబా ఆఫీసు గదిలోకి పోయి, సర్క్యులరు తీసి నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివి వచ్చారు.

"వెనకవైపు గురించి ఏమీ లేదమ్మా" అన్నారు.

మిగతాది గాలెమ్మ చూసుకుంది. "మా చిన్నప్పుడు నల్లబోర్డు వెలిసిపోతే దొండాకు పసరులో బొగ్గు నూరి రుద్దేవోళ్ళం టీచరమ్మా. రెండు పూతలు ఏస్తే నిగనిగలాడుద్ది" అంది. పిల్లలు దడి మీది దొండపాదు నుంచి ఆకు దూసుకొచ్చారు. సాయంత్రానికి ముప్ఫై ఒక్కమంది చేతులు, చొక్కాలు, గౌన్లు నల్లగా అయ్యాయి. బోర్డు వెనకవైపు కూడా నల్లగా అయింది.

ఇక సుద్ద కావాలి. సుగుణమణి ఆ మాట అనకముందే ఆచారి గారు బీరువా తాళం తీసి, పాత రిజిస్టర్ల వెనక నుంచి ఒక అట్టపెట్టె తీశారు. నిండా సుద్దముక్కలు.

"సరఫరా ఆపేస్తామన్నప్పుడు వెనక్కి పంపమన్నారమ్మా. ముప్ఫై నాలుగేళ్ళు వీటితోనే బతికాను, చేతులాడలేదు. పంపేశానని రాసి దాచుకున్నా" అన్నారు. జీవితంలో ఒక్క తప్పు చేసి, దాన్ని ఇన్నాళ్ళు బీరువాలో పెట్టుకున్న మనిషి మొహం ఆ రోజు తేలికపడింది.

మర్నాటి నుంచి బోర్డు తెల్లవైపు గుమ్మానికి, నల్లవైపు గోడకు తిప్పి నిలబెట్టారు. పిల్లలు నల్లవైపు నేల మీద కూర్చునేవారు. సుగుణమణి రాసేది. ఆచారి గారు తెల్లవైపు నిలబడి ఫొటో తీసేవారు. ఫొటోలో టీచరు చీర అంచు, మచ్చలేని తెల్లబోర్డు, స్టాండుకు కింద సందులోంచి వరసగా పిల్లల మొహాలు, అన్ని కళ్ళూ పైకి చూస్తూ కనపడేవి. యాప్ మొదటిసారి నూటికి నూరు వేసింది. "విస్మయ సూచిక పరిపూర్ణం" అంది. పునరావృతమని పట్టుకుంటుందేమోనని ఆచారి గారు భయపడ్డారు గానీ, యాప్ పట్టుకోలేదు. రోజుకో కొత్త మాట నేర్చుకునే పిల్లల మొహాలు ఏ రోజుకారోజు వేరుగా ఉండేవి. కొమ్ము, ఏత్వం, వట్రుసుడి, ఒత్తులు ఒక్కొక్కటే ఆ నల్లటి చెక్క మీదికి వచ్చాయి. మస్తాన్‌బీ ఇంటికి వెళ్ళి మేకలన్నిటికీ పేర్లు పెట్టి వాటి పేర్లు బొగ్గుతో దొడ్డి గోడ మీద రాసిందని మౌలాలి వచ్చి ఫిర్యాదు చేశాడు. ఫిర్యాదు చేస్తున్నంతసేపూ అతని మొహం వెలిగిపోతూనే ఉంది.

వరసగా నాలుగు వారాలు నూటికి నూరు వస్తే రాష్ట్రం ఊరుకుంటుందా. ఫిబ్రవరి రెండో వారంలో ప్రభంజన్ గారు ఇద్దరు ఫొటోగ్రాఫర్లను, ఎంఈవో గారిని వెంటబెట్టుకుని దిగారు. చదువు పరీక్ష కూడా తనే పెడతానన్నారు. గేటు దగ్గర మౌలాలి, ఇంకా నలుగురు తల్లులు నిలబడ్డారు. ఆ రోజుతో బడి ఉండేదో ఊడేదో తేలిపోతుందని వాళ్ళకి తెలుసు.

గుమ్మం వైపు వేసిన కుర్చీలో ప్రభంజన్ గారు కూర్చున్నారు. ఎదురుగా ఖాళీ తెల్లబోర్డు. దాని వెనక నుంచి సుగుణమణి గొంతు, కింద నుంచి పైకి చూస్తున్న ముప్ఫై ఒక్క మొహాలు. ఆయన చేతుల్లో గుమ్మడికాయ మళ్ళీ ప్రత్యక్షమైంది.

"చూశారా ఎంఈవో గారూ, బోర్డు మీద ఏమీ లేదు. అయినా పిల్లలు చదువుతున్నారు. శూన్యం బోధిస్తోంది. మన మిషన్ పరమార్థం ఇదే" అన్నారు.

"అవునండి, శూన్యం చక్కగా బోధిస్తోందండి" అన్నారు ఎంఈవో గారు.

"ఒక పాపను పిలవండి. చదివిద్దాం. పుస్తకం వద్దు, అది పాత సాధనం." టాబ్లెట్ తీశారు. అందులో ఛార్జింగ్ అయిపోయింది. అటూ ఇటూ చూస్తే గదిలో అచ్చు అక్షరాలున్నది ఒక్క చోటే. "ఆ స్టిక్కరు చదవమనండి."

సుగుణమణి మస్తాన్‌బీని పంపింది. ఆ పిల్ల బోర్డు కింద నుంచి దూరి ఇవతలికి వచ్చి, స్టిక్కరు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. సుగుణమణి బోర్డు వెనక నుంచి కిందికి వంగి చూసింది. కొమ్ములు చెప్పింది, ఒత్తులు చెప్పింది గానీ, గోడకు తిప్పి పాఠం చెబుతూ ఆ స్టిక్కరు సంగతే మరిచిపోయింది.

"ఈ... ఫలకముపై..." ఆగింది. వేలు పెట్టి కూడబలుక్కుంది. "ఏమియు... వ్... వ్రా... వ్రాయరాదు."

తర్వాత మళ్ళీ మొదటి నుంచి, ఎక్కడా ఆగకుండా, బళ్ళో అందరికీ వినపడేలా చదివింది. "ఈ ఫలకముపై ఏమియు వ్రాయరాదు."

ప్రభంజన్ గారు లేచి చప్పట్లు కొట్టారు. ఎంఈవో గారు ఇంకా గట్టిగా కొట్టారు. గేటు దగ్గర మౌలాలి తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు.

"శభాష్. ఎలా నేర్చుకున్నావమ్మా?" అని అడిగారు ప్రభంజన్ గారు, ఫొటోగ్రాఫర్ల వైపు తిరిగి.

"ఎనకాల టీచరు రాసి నేర్పిద్ది సార్. రా, చూద్దువు గానీ" అంది మస్తాన్‌బీ, ఆయన వేలు పట్టుకుని.

ప్రభంజన్ గారు బోర్డు వెనక్కి వెళ్ళారు. నల్లటి చెక్క మీద గుండ్రటి అక్షరాలతో "మేక వాగు దాటింది. మేము వాగు దాటము" అని ఉంది. ఆయన వేలితో ముట్టుకుని చూశారు. వేలికి సుద్ద అంటింది.

"రాసి నేర్పాను సార్" అంది సుగుణమణి. ఇక దాచి ప్రయోజనం లేదనుకుంది. "రాయకుండా నేర్పడం నాకు చేతకాలేదు. ఎవరికన్నా చేతనయితే వచ్చి చూపించమనండి. పిల్లల్ని మాత్రం వాగు దాటించకండి."

అంతవరకు గుమ్మం దగ్గర నిలబడ్డ ఆచారి గారు ముందుకొచ్చారు. "సుద్దముక్కలు నావండి. వెనక్కి పంపానని అబద్ధం రాసి దాచింది నేను. మెమో ఇవ్వదలిస్తే ముందు నాకివ్వండి."

ప్రభంజన్ గారు ఆలోచించారు. ఈ బడే రాష్ట్రానికి నమూనా అని పొద్దునే పైవాళ్ళకు చెప్పి వచ్చారు. ఫొటోలు అప్పుడే వెళ్ళిపోయాయి. నూటికి నూరు ఇరవై నాలుగుసార్లు వచ్చిన బడిలో రాత జరిగిందంటే తప్పు బడిదా, యాప్‌దా, తనదా అన్న ప్రశ్న వస్తుంది. కాసేపటికి ఆయన చేతులు పైకి లేచాయి.

"దీన్ని మనం రాత అనకూడదు" అన్నారు నెమ్మదిగా. "ఫలకం అపరతలంతో అర్థవంతమైన సంభాషణ. సంప్రదాయ వర్ణాన్ని ఆధునిక వేదిక వెనుక పునరావిష్కరించడం. దీన్ని ఒక నూతన సృజనాత్మక రీతిగా నమోదు చేసుకోండి ఎంఈవో గారూ."

"చేసేసుకున్నానండి" అన్నారు ఎంఈవో గారు.

బడికి తొంభై ఎనిమిది మార్కులొచ్చాయి. బడి ఉంటుందని, ముచ్చింతలపాడులో కలపరని అక్కడికక్కడే కాగితం మీద రాసిచ్చారు. మౌలాలి ఆ మధ్యాహ్నం మేకపాలతో బళ్ళో అందరికీ టీ పెట్టించాడు. ప్రభంజన్ గారు కూడా తాగారు, గ్లాసుతోనే.

నెల తిరక్కుండా రెండు కవర్లు వచ్చాయి. మొదటిది ఆచారి గారి పేరున. పైన "మెమో" అని చూసి ఆయనకు చెమటలు పట్టాయి. తీరా చదివితే అది ప్రశంసా మెమో. ఏదైతేనేం, ముప్ఫై నాలుగేళ్ళ రికార్డు పోయింది.

రెండోది సర్క్యులరు. నక్కలవాగుపాలెం ప్రయోగ ఫలితంగా రాష్ట్రంలోని వైట్‌బోర్డులన్నిటికీ వెనకవైపు ఒకే రకం నల్లరంగు వేయిస్తున్నారు. రంగు వేసే మనుషులు ఆ వెనకే వచ్చి, దొండాకు పూత గీకేసి, మెరిసే నల్లరంగు వేశారు. మధ్యలో ఒక కొత్త స్టిక్కరు అంటించారు. దాన్ని అంటిస్తుండగానే, ఇంకా పక్కనున్నవాళ్ళకు అక్షరాలు సరిగ్గా కనపడకముందే మస్తాన్‌బీ గడగడా చదివేసింది.

"ఫలకము వెనుకవైపున వ్రాయుట యనునది నక్కలవాగుపాలెం పాఠశాలచే ఇదివరకే వినియోగింపబడి, ప్రశంస పొందిన రీతి. కావున పునరావృతము చేయరాదు. ఉల్లంఘించినవారు శిక్షార్హులు."

ఎక్కడా తడుముకోలేదు. 'ఉల్లంఘించినవారు' దగ్గర కూడా ఆగలేదు. చదివాక తల తిప్పి, "నక్కలవాగుపాలెం అంటే మనమే గదా టీచర్? మనం రాసిందాన్ని మనమే రాయకూడదంటనా?" అని అడిగింది.

రెండో తరగతిలో ఇంకా పదకొండు మందికి ఒత్తులు రావు. సుగుణమణి ఆచారి గారి వంక చూసింది. ఆయన ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకుని, సర్క్యులరు పట్టుకుని నిలబడి ఒకసారి చదివారు. కుర్చీ లాక్కుని కూర్చుని ఇంకోసారి చదివారు. తర్వాత లేచి, రంగు మనుషులు వెళ్ళారని చూసుకుని, గది తలుపు లోపల గడియ పెట్టి, దాని చెక్కను అరచేత్తో తడిమి చూశారు.

"తలుపుల గురించి ఏమీ లేదమ్మా" అన్నారు.

దొండాకు తెమ్మని చెబుదామని సుగుణమణి పిల్లల వైపు తిరిగింది. మస్తాన్‌బీ అప్పటికే కిటికీలోంచి దూకి దడి దగ్గర ఉంది.